చెలమ అడుగున సముద్రం

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఏడు, ఎండలు ముదిరేసరికి మా కొల్లేరు ఎండిపోయేది. మీరు నమ్మరు గానీ, పడవ వెళ్ళే దారిన ఎడ్లబండి వెళ్ళేది. మిగిలిన కాసిని నీళ్ళ చుట్టూ గూడబాతులన్నీ మూగేవి. కొల్లేటి నడుమ దిబ్బ మీద ఉండే మా లంక ఊళ్ళో, ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఎండిన నేలలో ఒక చెలమ తవ్వుకుని, అందులో ఊరిన నీళ్ళే తాగేవారు.

అలాంటి ఏడే మా అమ్మ పచ్చి బాలింత. ఆమెకు మంచినీళ్ళు కావాలి, మా చెలమలోనేమో బిందె మునగడం లేదు. నాన్నకు పట్టుదల వచ్చింది. పార తీసుకుని అడుగున ఒక మూల ఇంకా లోతుగా తవ్వసాగారు. నేనూ నాయనమ్మా గట్టున కూర్చున్నాం. కాసేపటికి మట్టి రంగు మారి నల్లబంక పడింది. అందులోంచి దళసరిగా, గరుకుగా ఒక ఆల్చిప్ప బయటికొచ్చింది.

"ఆగరా అబ్బాయ్! ఇది మన కొల్లేటి చిప్ప కాదు, సముద్రపుది. ఇంకొక్క పార వేశావంటే ఉన్న నీళ్ళు కూడా చెడిపోతాయి" అంది నాయనమ్మ.

నాన్న పార ఆగిపోయింది. ఆ మూల అప్పటికే చెమ్మ ఊరుతోంది. నాయనమ్మ దిగి, అందులో వేలు ముంచి నా నాలిక మీద రాసింది. ఉప్పు! నేను అంతవరకూ సముద్రం చూసి ఎరగను.

"ఎప్పుడో ఇక్కడిదాకా సముద్రమేనే తల్లీ. అది వెనక్కి పోయినా దాని ఉప్పు కిందే ఉండిపోయింది. మన తీపినీళ్ళు దాని మీద పల్చగా పడుకున్నాయి" అంది. అంత సముద్రం మా కాళ్ళ కింద చప్పుడు లేకుండా ఉందనగానే నేను కాళ్ళు పైకి ముడుచుకున్నాను.

నాన్న ఆ బంకమట్టినే తిరిగి కప్పి, కాలితో తొక్కి గట్టి చేశారు. ఆ తర్వాత ఎదురుచూడటమే మా పని. పైపొరలోంచి నీరు ఊరుతుంటే కొబ్బరిచిప్పతో తోడి పోసుకున్నాం. పొద్దు నెత్తికెక్కేసరికి బిందె నిండింది. ముందు నాన్నే భయంభయంగా రుచి చూశారు. తియ్యగానే ఉన్నాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు, కింద సముద్రం కదులుతుందేమోనని నేను మెల్లిగా అడుగులు వేశాను.

ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాను. మొన్న మా ఇంట్లో బోరు వేసినాయన, "నీళ్ళు బానే పడ్డాయండీ, ఇంకాస్త దించమంటారా?" అని అడిగాడు. మనవలు దించమన్నారు. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టేశాను. ఎందుకు నాయనమ్మా అన్నారు వాళ్ళు. మా అమ్మ తాగిన ఆ బిందెడు నీళ్ళకీ, సముద్రానికీ మధ్య మిగిలింది ఒక్క పార మట్టే.