‘ఓల్డ్’ కింద చేరిన మాటలు

ఆ అచ్చాఫీసులో అందరికీ ఆమె దిద్దుబాటు అక్కయ్యే. ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. అచ్చుతప్పు కంటబడిందంటే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడుతుంది. ఇంటికి ఉత్తరం వస్తే ముందు తప్పులు దిద్ది, తరవాతే క్షేమసమాచారం చదువుతుందని ఆమె మరిది ఎగతాళి చేస్తాడు. చేస్తే చేయనీ. ఆమె సంతకం లేనిదే ఆ ఆఫీసులో ఏ పేజీ మిషనెక్కదు.

ఆమె పనిలో సగం బలం, ఆఫీసులో అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయనది. అరవై తొమ్మిదేళ్ల మనిషి. రాతప్రతి చేతబట్టుకుని ఆయన పైకి చదువుతుంటే, ఆమె అచ్చు కాగితం మీద వేలు కదుపుతూ సరిచూస్తుంది. కామా వస్తే కామా అనీ, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనీ చదవాలి. సొంత పైత్యం కలపకూడదు. నలభై ఏళ్లలో ఆయన ఒక్క మాట కలిపింది లేదు, మింగింది లేదు.

ఆ ఏడాది బడిపిల్లల కోసం ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకం అచ్చుకొచ్చింది. రాసింది యజమాని కొడుకు, చిన్నసారు. కాలానికి సంబంధించిన పేజీల్లో డికేడ్‌నీ, ఎరానీ, ఏజ్‌నీ ఒకే గాటన కట్టేశాడు. పదేళ్లకీ యుగానికీ తేడా లేదట మహానుభావుడికి. అక్కయ్య పళ్లు నూరుకుంటూ అవి దిద్దింది. ఆ తరవాత ‘ఓల్డ్’ వచ్చింది.

“ఏజ్డ్ కామా ఎల్డర్లీ కామా అబ్సొలీట్ కామా యూజ్‌లెస్ ఫుల్‌స్టాప్,” అని బాబాయి చదివాడు. “తెలుగు అర్థాలు. ముసలి కామా వయసుమళ్లిన కామా వాడుక పోయిన కామా పనికిరాని ఫుల్‌స్టాప్.”

గొంతు ఎక్కడా తడబడలేదు. అక్కయ్యకు మాత్రం ఒళ్లు మండింది. కాగితం పట్టుకుని నేరుగా చిన్నసారు బల్ల దగ్గరికి వెళ్లింది.

“తలపండిన మనిషినీ మూలపడ్డ కుర్చీనీ ఒకే వరసలో పెట్టారేంటండీ? మనుషులకి చెప్పే మాటలు వేరే, సామాన్లకి చెప్పేవి వేరే. రెండు భాగాలు చేద్దాం.”

“పిల్లలకి మార్కులొస్తే చాలు అక్కయ్యా. ఈ తేడాలు ఎవరిక్కావాలి? సాయంత్రానికి పేజీ మిషనెక్కాలి, సంతకం పెట్టేయండి.”

“పెట్టను. రేపు ఏ పిల్లో మా తాత యూజ్‌లెస్ అని వ్యాసం రాస్తుంది. మీ పుస్తకం చూసి మార్కులూ వేస్తారు.”

“మీరు పెట్టకపోతే ఈసారికి బాబాయి పెడతారు,” అని చిన్నసారు కేకేసి పిలిచాడు.

ఏటేటా బాబాయిని పనిలో ఉంచేదీ, పొమ్మనేదీ చిన్నసారే. పాపం ఆయన కాదనగలడా? ఆయన సంతకం పడితే ఆ మాట వేల మంది పిల్లల చేతుల్లోకి పోతుంది.

బాబాయి వచ్చాడు. కలం తీసుకోలేదు, కాగితం తీసుకున్నాడు. “సంతకానికి ముందు చదవడం పద్ధతి కదా బాబూ,” అని మొదటి మాట నుంచి చివరి ఫుల్‌స్టాప్ దాకా గదంతా వినేలా చదివాడు. కంపోజింగ్ చేసేవాళ్లు చేతులాపి చూస్తున్నారు. ఆయన నిదానంగా కళ్లజోడు తీశాడు.

“పై గదిలో మీ నాన్నగారున్నారుగా. నాకంటే రెండేళ్లు పెద్దవారు. ఆయనకీ ఇది ఒకసారి వినిపించి వచ్చి సంతకం పెడతాను.”

చిన్నసారు చటుక్కున లేచి కాగితం అందుకున్నాడు. “ఆగండాగండి. ఆయన్నెందుకు ఇందులోకి లాగడం? సరే, రెండు భాగాలు చేసేయండి.”

కంపోజింగ్ వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. అక్కయ్యకు నవ్వు రాలేదు. గంట తరవాత దిద్దిన పేజీ మీద కోపంగానే సంతకం పెట్టింది. ఎదురుగా నిలబడి చదివిన అరవై తొమ్మిదేళ్ల మనిషిని చూస్తే చిన్నసారుకి కనబడని తప్పు, కన్నతండ్రి చెవిన పడుతుందనేసరికి కనబడింది.