గొంతు కలిపిన ఆవిడ

ఆ రోజు ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో శాక్సోఫోన్ పెట్టెను ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో పిల్లలకు జాజ్ సంగీతం నేర్పుతూ ఉచితంగా కచేరీలు పెట్టే బృందంలో నేను కొత్తగా చేరాను. సాయంత్రం పక్క ఊరి బడిలో, మొదటిసారి జనం ముందు ఊదాలి.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా పెట్టె వైపు చూసి, "అందులో ఏటుందమ్మా? అలా గట్టిగా పట్టుకున్నావేటి?" అంది.

"బాజా, మామ్మా. మధ్యలో ఊపిరి అందకపోతే పిల్లలు నవ్వుతారని భయమేస్తంది."

ఆవిడ తన గొంతు మీద చెయ్యి వేసుకుంది. "నాకూ భయంగానే ఉందమ్మా. రేపు కలకత్తాలో నా గొంతుకి ఆపరేషన్. మాట ఉంటాదో పోతాదో సెప్పలేమన్నారు."

ఆవిడ నా పెట్టె మీద తట్టింది.

"ఓపాలి ఊదు, ఇంటాను."

బాజా బయటికి తీసి ఊదాను. కొంచెంసేపటికే ఊపిరి అందక స్వరం తెగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. నేను ఆపేయబోతుంటే, తెగిన చోటు నుంచి ఆవిడ సన్నగా కూనిరాగం అందుకుంది. గొంతు వణుకుతున్నా, నేను మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా ఆపలేదు.

ఇంతలో కలకత్తా రైలొచ్చింది. ఆవిడ నా భుజం తట్టి, వెళ్ళి ఎక్కేసింది. పేరైనా అడగలేదు. ఆపరేషన్ ఏమైందో ఇప్పటికీ తెలియదు.

బడిలో పిల్లలు నవ్వనే నవ్వారు. అయినా చివరిదాకా ఊదాను.

కచేరీకి ముందు నాకిప్పటికీ భయమే. మొదలుపెట్టే ముందు, వాయించడం రాని పిల్లలను కూడా దగ్గరకు పిలిచి, "నాను ఆగిపోతే మీరు రాగం అందుకోండి" అని చెబుతాను.