పెద్దబాపు తిన్న జిలేబీలు

మా చిన్నప్పుడు... షుగర్ అంటే ముసలివాళ్ల రోగం. పద్నాలుగేళ్ల పిల్లవాడికి వచ్చిందంటే బాన్సువాడలో ఎవరూ నమ్మలేదు. వచ్చింది నాకే.

ఇన్సులిన్ సీసాను అమ్మ తడి ఇసుక నింపిన కుండలో దాచేది. మా గల్లీలో ఫ్రిజ్ ఒక్క సేటు ఇంట్లోనే ఉండేది. దాని నిండా మామిడిపళ్లేనట... సరే, అది వేరే కథ.

అసలు సంగతి మా పెద్దబాపు. నాన్నకు అన్న. ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. ఒకరోజు నేను వింటుండగానే నాన్నతో అన్నాడు...

"గీ పోరనికి ఇగ సదువెందుకు తమ్మీ? ఎన్నొద్దులుంటడో ఏమో. ఉత్త దండుగ."

నాన్న తలూపాడు. దసరా సెలవులయ్యాక నా తోటివాళ్లు బడికి పోయారు. నేను బీడీల కార్ఖానాకు పోయాను, కట్టలు కట్టడానికి. ఆ కట్టలకు చుట్టే పాత పేపరు ముక్కల మీదే నా చదువంతా. ప్రతి ముక్కలోనూ సగం వార్తే ఉండేది... అందుకే దేశం సంగతులు నాకు ఇప్పటికీ సగమే తెలుసు.

తీపి మానమన్నాడు డాక్టరు. పగ మానమనలేదు.

ఆ ఎండాకాలం చుట్టాల పెండ్లి. వడ్డన మా ఈడు పిల్లలది. జిలేబీల గంప నేనే అడిగి తీసుకున్నాను. పెద్దబాపు విస్తరి దగ్గర ఆగకుండా దాటిపోయాను.

"అరేయ్, నాకేదిరా?"

"నీకొద్దు పెద్దబాపు. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నవు. నాకు గూడ గట్లనే మొదలైంది." బంతి మొత్తానికి వినబడేటట్టే చెప్పాను.

పక్కనున్న ఆయన బావమరిది ముద్ద ఆపాడు. "ఏంది బావా, నీకు గూడనా?" అని కొంచెం జరిగి కూర్చున్నాడు. అంటుకుంటుందని అప్పట్లో భయం.

మర్నాటికి బీడీలు చుట్టే ఆడవాళ్ల నోట పడి ఊరంతా తిరిగింది. ఇక పెద్దబాపుకు పంతం వచ్చింది. రోజూ సాయంత్రం బస్టాండు పక్క హోటల్లో కూర్చుని, పది మందికీ కనబడేలా జిలేబీలు తినడం మొదలుపెట్టాడు.

"సూడుండ్రి... నాకేమన్న అయితుందా?"

నేను ఎదురుగా నిలబడి చూసేవాణ్ణి. నోరూరేది... కడుపూ నిండేది.

వానలు పడ్డాయి. ఆయన కాలి పుండు మానలేదు. దవాఖానలో పరీక్ష చేస్తే... ఉంది. నిజంగానే ఉంది. రోజూ సూది రాశారు. మా గల్లీలో సూది వేయడం వచ్చింది నాకొక్కడికే.

గాజు సిరంజి, ఉక్కు సూదులు. నీళ్లలో మరిగించి, రాయి మీద నూరి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఆయన కోసం నూరని సూదినే ఏరిపెట్టాను.

"జర మెల్లగరా బిడ్డా."

"మెల్లగనే పెద్దబాపు. ఇగ రోజూ ఉంటది గద, అలవాటైతది."

నా ఆయుష్షు ఎంతో తేల్చి చెప్పిన మనిషి... కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపి, ఎప్పుడు పొడుస్తానా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నేను తొందరపడలేదు.

ఇప్పటి పిల్లలు చేతికి బిళ్ళలాంటిది అంటించుకుని ఫోన్లోనే షుగర్ చూసుకుంటున్నారు. వెంట్రుకంత సూది. బడి మాన్పించేవాళ్లూ లేరు. సంతోషమే... కానీ అంత మొద్దు సూది ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు. ఇప్పటి పెద్దబాపులను ఏం చేస్తున్నారో పాపం.

మీ ఇంట్లోనూ అలాంటి పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు... మీరేం చేశారో కింద రాయండి. ఈ వయసులో కూడా నేర్చుకోవడానికి నేను సిద్ధం.