అంచులు కత్తిరించిన పుస్తకం

ఎర్లిండా బాకా పుస్తకం మొదటి పేజీలో ఇలా ఉంటుంది: "ఇది నడిచేవాళ్ళ కోసం. ఫోటోలు దిగేవాళ్ళ కోసం వేరే పుస్తకాలు బోలెడున్నాయి." దాని కింద ధర, ఇరవై డాలర్లు. ఆ కింద ఇంకో మాట: "డబ్బు లేకపోతే చెప్పు, ఊరికే ఇస్తాను. ఉండి కూడా ఎగ్గొడితే నీ కాళ్ళు బొబ్బలెక్కిపోవాలి." మా ఎడారిలో బొబ్బలెక్కని కాలు లేదు కనుక ఆ శాపం ఇంతవరకు వృథా కాలేదు.

మా ఊరు పియెద్రా వెర్దెలో అందరూ ఆమెను టియా అంటారు. అంటే అత్త. ఆమెతో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు కూడా భయం కొద్దీ అలాగే పిలుస్తారు. ఏళ్ళ తరబడి బడి బస్సు నడిపి, పిల్లల మీద అరిచి అరిచి సంపాదించిన గొంతు అది. మెక్సికో సరిహద్దు కంచె దగ్గర మొదలై ఉత్తరానికి నెలల తరబడి సాగే కాలిబాట ఆమె మేకల దొడ్డి వెనకనుంచే పోతుంది. ఆ దారిలో ఏరులు లేవు. పశువుల తొట్లే దిక్కు. ఏ తొట్టిలో నీళ్ళున్నాయో, ఏది ఎండిందో ప్రతి శీతాకాలం ఆమె స్వయంగా తిరిగి చూసి వస్తుంది.

పుస్తకమంతా ఏటా కొత్తగా కూర్చాలంటే ఖర్చు. అందుకని దారి చెప్పే పాత పేజీలు అలాగే ఉంచి, ఆ ఏటి నీళ్ళ కబురును కుడిపక్క అంచులో చిన్న అక్షరాలతో వేయిస్తుంది. "నీళ్ళు పచ్చగా ఉంటాయి. ఆవు తాగింది, బతికే ఉంది. ఆపైన నీ ఇష్టం." అలాంటివన్న మాట.

ఈ వసంతంలో నడిచేవాళ్ళు ఎప్పటిలాగే వచ్చారు కానీ పుస్తకం అడిగిన పాపాన పోలేదు. ఎవరి చేతిలో చూసినా ఫోనే. పుస్తకాల పెట్టెలు ఆమె వరండాలో అలాగే ఉండిపోయాయి. లాస్ క్రూసెస్ పట్నంలో అచ్చువేసే లుసేరో ఫోన్ చేసి, పాత బాకీ తీరితేనే కొత్త అచ్చు అని కచ్చితంగా చెప్పేశాడు.

"ఆగితే ఆగనీ. నా మేకలు చదువుకుంటాయా ఏం?" అంది టియా. అయినా వీపున సంచితో ఎవరు కనిపించినా కిటికీ తెర కదిలేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అయిదారుగురు వరండా ఎక్కారు. పెదవులు పగిలి ఉన్నాయి. ముందున్న ఆవిడ ఒహాయోలో టీచరు. దారిలో ఆమెను తడిసాక్సు అని పిలుస్తారు. అక్కడ అసలు పేర్లు ఎవరికీ పట్టవు. ఏ పొరపాటు చేస్తే ఆ పేరు పెడతారు, పెట్టేది పక్కవాళ్ళే, కాదనడానికి లేదు.

"ఈ పుస్తకం రాసింది మీరేనా? గాలిమర దగ్గర తొట్టి ఉందన్నారు. వెళ్తే అందులో చచ్చిన బల్లి తప్ప ఏమీ లేదు! మనుషుల ప్రాణాలంటే లెక్క లేదా?" అని చేతిలో ఫోను ఊపింది.

"ముందు తాగండి. తర్వాత తిడుదురు గాని," అని టియా బిందె తెచ్చి పెట్టింది. వాళ్ళు తాగుతుంటే ఫోను లాక్కుని చూసింది. "ఇది ఎవరి పుస్తకం?"

"మీదే."

"నాదైతే కుడిపక్క అక్షరాలేవి?"

అందరి వెనక నిలబడ్డ పొడుగాటి కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. పేరు గారెట్. తనను తాను బూడిద తోడేలు అని పిలుచుకునేవాడు. ఇంకెవరూ పిలిచేవారు కాదు.

"అంచులా? బరువని కత్తిరించేశానండీ."

"బరువా?"

"టూత్‌బ్రష్ పిడి కూడా కోసేసుకున్నాను. పుస్తకం ముక్కలు చేసుకోవడం అందరూ చేసేదే కదా. నేను అంచులు కూడా తీసేసి, మిగిలింది ఫోటోలు తీసి గుంపులో పెట్టాను."

"ఏ గుంపులో?"

"ఈ ఏడు నడిచేవాళ్ళందరూ ఉన్న ఫోను గుంపు."

"కోసే ముందు చదవలేదా నాయనా?"

"చిన్న అక్షరాలు కదా, షరతులేమో అనుకున్నాను. అవెవరు చదువుతారు?"

తడిసాక్సు నెమ్మదిగా అతని వైపు తిరిగింది. "కత్తెర," అంది. అంతే. మిగతావాళ్ళు తలలూపారు. తోడేలు అక్కడికక్కడే చచ్చిపోయింది.

"నేను పుస్తకం కొన్నాను టియా!" అన్నాడు కత్తెర. "దొంగిలించలేదు."

"ఒక రొట్టె కొని ఊరంతటికీ బంతి భోజనం పెట్టావు. పుణ్యం నీది, పిండి నాది."

"జ్ఞానం అందరిదీ అంటారు కదా."

"అందరిదీ అయితే జనవరిలో అందరూ వచ్చి తొట్లలోకి తొంగిచూడాల్సింది. నా ఒక్కదాని మోకాళ్ళే ఎందుకరిగాయి? నీ గుడారం ఎంతకు కొన్నావు?"

"ఏడు వందలు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"నా ట్రక్కు అమ్మినా అంత రాదు."

అయినా ముందున్న తొట్ల సంగతి మొత్తం ఆమె వాళ్ళకు ఊరికే చెప్పింది. "చచ్చినవాడి దగ్గర ఎలాగూ వసూలు చెయ్యలేం," అంది. ఆ సాయంత్రమే కత్తెర తన ఘనకార్యాన్ని గుంపులో రాశాడు. అంచుల్లో ఏముందో, అవి ఎవరు తొట్ల చుట్టూ తిరిగి రాసినవో కూడా రాశాడు.

మరునాటి నుంచి జనం ఇరవై డాలర్లు చేత్తో పట్టుకుని రావడం మొదలుపెట్టారు.

"ఇదిగో టియా. పుస్తకం మాత్రం వద్దు, బరువు. అంచులు ఫోటో తీసుకుంటాం."

"నేనేమైనా చర్చి గుమ్మంలో చెయ్యి చాపుకుని కూర్చున్నానా? డబ్బిస్తే పుస్తకం మోసుకెళ్ళాలి."

"మోయలేం టియా!"

"అయితే డబ్బూ మోసుకెళ్ళు."

ఇలా ఇవ్వబోయినవాళ్ళందరినీ తరిమేసింది. బాకీ తీరే దారి కాళ్ళ దగ్గరకు వస్తే ఇంత పొగరేమిటని ఊరంతా తల పట్టుకుంది. కత్తెర పోస్టాఫీసుకు రావలసిన తిండి పార్సెల్ కోసం ఊళ్ళోనే ఆగిపోయి, ఆమె మేకల దొడ్డికి తడిక కడుతున్నాడు. ఎవరూ కట్టమనలేదు. సరిగ్గా కట్టడమూ లేదు.

"టియా, ఒక మాట," అన్నాడు కత్తెర. "దక్షిణం పేజీలు వాళ్ళు నడిచేసినవే కదా. మీరే ఇక్కడ కోసి, ముందున్న దారి మాత్రం ఇవ్వండి. పుస్తకం అమ్మినట్టే, బరువు సగమే."

"నా పుస్తకాన్ని నా చేత్తో కోసుకోవాలా?"

"అంచులు నేను ముట్టుకోను."

టియా లోపలికి వెళ్ళి మాంసం కోసే కత్తి తెచ్చింది.

మే నెల గడిచేసరికి పెట్టెలు ఖాళీ అయ్యాయి. కొందరు ఇరవైకి పైన ఇచ్చారు, వాళ్ళకు చిల్లర తిరిగిచ్చేసింది. లేదన్నవాళ్ళకు ఊరికే ఇచ్చింది. ఒకడు మాత్రం కోసి పక్కన పెట్టిన దక్షిణం పేజీలను చూసి, "ఇవి ఊరికే పడున్నాయి కదా, తీసుకోనా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి టియా వాటితోనే పొయ్యి ముట్టించి బీన్స్ ఉడికించడం మొదలుపెట్టింది.

లుసేరోకు ఫోన్ చేసింది.

"బాకీ డబ్బు పంపిస్తున్నాను. కొత్త అచ్చుకు సిద్ధంగా ఉండు."

"పాతవన్నీ అమ్ముడుపోయాయా టియా?" అవతల అతనికి నమ్మకం కుదరలేదు.

"పోయాయి. సగం తగలబెట్టాను కూడా."

"తగలబెట్టారా? ఎందుకు?"

"డబ్బు తీసుకున్నాకే లేవయ్యా. కాగితం ఏ రకం వాడావు? బాగా మండుతోంది, ఈసారీ అదే వెయ్యి."