మోగిన ముడుపు

మా పక్కింటి సృజన జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చేతిలో ఫోను లేకుండా ఆ పిల్లను నేను చూసింది తక్కువ. అన్నం తింటూ ఫోను, జడ వేయించుకుంటూ ఫోను. పోయిన పరీక్షల్లో రెండు సబ్జెక్టులు తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి బీడీలు చుట్టే చాట ముందు కూర్చోబెడతానని తల్లి బాలలక్ష్మి చెప్పేసింది.

దాంతో పిల్ల ఎవరూ చేయని పని చేసింది. పరీక్షలయ్యేదాకా ముట్టనని ధర్మపురి నరసింహస్వామికి మొక్కి, ఫోనును పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం ముందు పెట్టింది. నాకు ఒళ్లు మండింది. పుస్తకం తెరిస్తే సరిపోయేదానికి మధ్యలో స్వామిని ఇరికించడం ఎందుకు? బాలలక్ష్మి మాత్రం మురిసిపోయి ముడుపుకు బొట్టు పెట్టింది. ఫోను ఆపేసి కట్టాలని ఆమెకు తోచలేదు. పిల్లా చెప్పలేదు.

మర్నాడే ముడుపు మోగింది.

బాలలక్ష్మి పరుగున వచ్చి నన్ను లాక్కుపోయింది. ఆమె భర్త గంగయ్య సౌదీలో సెంట్రింగ్ పని చేస్తాడు. వీడియో కాల్ సృజన ఫోనుకే చేస్తాడు, ఆయన కాల్‌కు మోత వేరు. బాలలక్ష్మి దగ్గరున్నది బటన్ల ఫోను. అవసరం పడితే దాని నుంచి మిస్డ్ కాల్ ఇస్తారు, ఆయన తిరిగి సృజన ఫోనుకే చేస్తాడు.

"గిది డ్యూటీ టైం అక్కా. ఊకెనే చెయ్యడు. ఆయనకేమన్న అయ్యిందో ఏమో! విప్పాల్నా, వద్దా? దేవునికి గట్టినంక విప్పుతరా?"

నాకేం తెలుసు? మోగే ముడుపును నేనెప్పుడు చూశాను గనక! ఆగింది, మళ్లీ మోగింది. గోడకు ఆనుకుని కూర్చున్న సృజన పుస్తకంలోంచి తలెత్తకుండా, "విప్పవ్వా. బాపే గదా, స్వామి ఏమనడు" అంది తల్లితో.

బాలలక్ష్మి చెంపలు వేసుకుని ముడి విప్పింది. తెర మీద గంగయ్య, నెత్తిన హెల్మెట్, ముఖమంతా చెమట.

"ఏమైందే? నీ ఫోన్ నుంచి ఒకటే మిస్డ్ కాల్స్. పానం ఆగక పని ఇడిసిపెట్టి కిందికి దిగిన. అందరు మంచిగున్నరా?"

"నేను చెయ్యలే గదా!"

ఆమె నన్ను చూసింది. నేను సృజనను చూశాను.

"నేనే చేసిన బాపూ, అవ్వ ఫోను దీస్కొని" అని పిల్ల ఏడుపు అందుకుంది. "నువ్వు చేస్తే అవ్వ ఎట్లైనా విప్పుతదని... మొక్కింది నేనే, గిట్ల జేసింది గూడ నేనే. ఎందుకు జేసిన్నో నాకే సమజైతలేదు."

చెంప పగలగొట్టాలనిపించింది నాకు. గంగయ్య హెల్మెట్ తీసి ముఖం తుడుచుకున్నాడు. చివరికి "ఏడ్వకు బిడ్డా. మీరు మంచిగున్నరు, గంతే చాలు" అని పెట్టేశాడు.

బాలలక్ష్మి ఫోను కూతురి ముందుకు చాపింది. "తీస్కో. మొక్కు ఎట్లనో పాయె." కోపంతో అన్నదో, నిజంగానే ఇస్తోందో నాకు అర్థం కాలేదు.

సృజన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నాకియ్యకవ్వా. అడిగినా ఇయ్యకు."

ఇది మారిన మనసో, మరో నాటకమో ఎలా చెప్పను? ఆ పిల్లకైనా తెలుసో లేదో. బాలలక్ష్మి పసుపు గుడ్డ పట్టుకుని, ఒకసారి విప్పింది మళ్లీ కట్టొచ్చా అని నన్నే అడుగుతోంది. అంతలో ఆమె చేతిలోని ఫోను టింగుమంది. సృజన చూపు అటే పోయింది. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని. నా కోపమంతా పోయి భయం వేసింది.

"కట్టు లక్ష్మీ," అన్నాను, "జల్ది గట్టు."