నాయిన లిఫ్టు

అబిడ్స్‌లో ఏ పాత బిల్డింగు లిఫ్టు ఎక్కినా, ఆ గ్రీజు వాసనకు నా చెయ్యి ఇప్పటికీ నాయిన చొక్కా కోసం వెతుకుతుంది.

ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీసిన నాయిన, తొంభైల్లో పట్నమొచ్చి ఇక్కడ లిఫ్ట్‌మాన్ అయ్యాడు. నాకు నామోషీగా ఉండేది. మీట నొక్కడం కూడా ఒక పనేనా?

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు నాంపల్లి నుంచి ఆయనకు అన్నం డబ్బా తీసుకెళ్లాను. రెండంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయింది. లోపల మా ఇద్దరితో పాటు ఒక ముసలమ్మ, ఒక సారు. సారు జాలీ తలుపు గుద్దుతూ అరుస్తున్నాడు. నాయిన చీకట్లో తడిమి లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఇక కరెంటొచ్చినా మమ్మల్ని ఇక్కడే ఉంచేస్తాడనుకుని గట్టిగా ఏడ్చాను.

నాయిన లిఫ్టు జాలీ, పై అంతస్తు జాలీ రెండూ పక్కకు లాగాడు. పై అంతస్తు గచ్చు ఆయన ఛాతీ ఎత్తులో ఉంది. గోడ పట్టుకుని వంగాడు.

"నా భుజం మీద కాలు వెట్టమ్మా. జర పైకే సూడు."

ముసలమ్మ, నేను, సారు వరసగా ఎక్కాం. ఆఖర్న ఆయన చెట్టెక్కినట్టే పాకి వచ్చాడు.

"నీకు భయం కాలేదా?" అన్నాడు సారు, చొక్కా దులుపుకుంటూ.

"తాడిచెట్టు గాలికి ఊగుతది సార్. గిది ఊగదు గద."

మేం సగం బయటికి పాకుతుండగా కరెంటొచ్చి లిఫ్టు కదిలితే ఏమయ్యేదో, నాయిన ముందే స్విచ్ ఎందుకు ఆపాడో పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.

మొన్న మా ఆఫీసులో నా పని మొత్తం మార్చేశారు. కొత్త సీట్లో కూర్చుంటే భయమేసింది. బల్ల అంచు పట్టుకుని చూశాను.

ఊగడం లేదు.