రెండుసార్లు లాగి చూసే తాళం

పూతలపట్టు దాటాక గుట్టల మధ్య ఒంటరిగా ఉన్న బాలికల హాస్టల్లో ఆమె వార్డెన్. ఏ గదికి తాళం వేసినా రెండుసార్లు లాగి చూసి, తాళంచెవిని కొంగుకు ముడివేసుకునేది.

మూఢనమ్మకాల గురించి మాట్లాడటానికి వెళ్లి, అక్కడి పిల్లలకు పాతకాలపు కథతో తీసిన సినిమా చూపించాను. అందులోనూ ఆడపిల్లల హాస్టలే. జ్వరంతో కలవరించే పిల్లకు దయ్యం పట్టిందని గదిలో పెట్టి తాళం వేస్తారు. తలుపు కొట్టీ కొట్టీ ఆ పిల్ల చచ్చిపోతుంది. వార్డెన్ వెక్కివెక్కి ఏడ్చింది. సినిమా పనిచేసిందని సంబరపడ్డాను.

అప్పుడొక పిల్ల నా దగ్గరికొచ్చి, "సార్, మా స్టోర్ రూములో కూడా ఒకమ్మాయి ఉండాది" అంది.

స్టోర్ రూము ముందుకు వెళ్లి, "తాళం తియ్యండమ్మా" అన్నాను వార్డెన్‌తో.

ఆమె తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది. "శుక్రవారం దయ్యాన్ని వదిలించే స్వామి వస్తాడు. అందాకా తీయకూడదప్పా."

"మరి ఇంతసేపూ ఎవరికోసం ఏడ్చినారు?"

"సినిమాలో పిల్లకు ఉత్త జ్వరమే కదప్పా. మా పిల్లకు నిజంగానే పట్టిండాది."

ఎన్నో సభల్లో వాదించినవాణ్ని, ఈసారి వాదన మాని రాయి తీసుకుని తాళం పగలగొట్టాను. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో చిత్తూరు ఆసుపత్రికి బయలుదేరితే, వార్డెన్ చెప్పుల్లేకుండా వెనక పరిగెత్తింది.

"గేటు దాటితే సచ్చిపోతాది. దించప్పా, నీ కాళ్లు పట్టుకుంటా."

సినిమాకు ఏడ్చినదానికన్నా ఎక్కువగా ఏడ్చింది. నాకు సంగతి చెప్పిన అమ్మాయి ఒడిలో పడుకున్న పిల్ల ఆ ఏడుపు విని కళ్లు తెరిచి, నా చొక్కా పట్టుకుంది.

"దింపేయండి సార్. నేను సచ్చిపోతాను."